పదేళ్లు వాడుకునే ల్యాప్‌టాప్ కావాలంటే ఏం చూసి కొనాలి?

మాస్టారూ, మీరు అడిగింది ఇదీ. ఖమ్మంలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేస్తున్నారు. ఎనిమిదేళ్లలో రెండు ల్యాప్‌టాప్‌లు పోయాయి. ఒకదానికి మూత తిరిగే హింజ్ విరిగింది, రెండోది చార్జింగ్ ఎక్కకపోతే సర్వీస్ సెంటర్‌లో బోర్డు మార్చాలన్నారు. ఇప్పుడు అరవై వేలలో ఒకటి తీసుకుని పదేళ్లు వాడాలి. పనులు నోట్సు, ప్రశ్నపత్రాలు, ఆన్‌లైన్ క్లాసులు, అప్పుడప్పుడు చిన్న వీడియోలు. షాపతను గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమన్నాడు, అమ్మాయి ఇంజినీరింగ్‌కి కూడా పనికొస్తుందని. మీ తమ్ముడేమో మ్యాక్‌బుక్ తప్ప ఇంకోటి వద్దంటున్నాడు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. కంపెనీలు ఆఫీసుల కోసం తయారు చేసే సిరీస్‌లో 14 అంగుళాల మోడల్ తీసుకోండి. లెనోవోలో థింక్‌ప్యాడ్ టీ లేదా ఎల్, డెల్‌లో లాటిట్యూడ్ 5000, హెచ్‌పీలో ఎలైట్‌బుక్ 800. ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడే మెమొరీ) గుచ్చి తీసే స్లాట్లలో ఉండాలి, బోర్డుకు అతికించి ఉండకూడదు. ప్రాసెసర్ ఇంటెల్ 12వ తరం లేదా ఆ కాలపు ఏఎండీ రైజెన్ అయితే చాలు. అరవై వేలకు అలాంటిది కొత్తది రాకపోతే ఆఫీసు లీజు ముగిసి బయటికొచ్చిన రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మేది) తీసుకుని, మిగిలిన డబ్బులో కొంత బ్యాటరీ కోసం పక్కన పెట్టుకోండి. ఎందుకో తెలిస్తే మోడల్ మీరే ఎంచుకోగలరు కాబట్టి ఇక వివరంగా రాస్తాను.

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు అందరూ మొదట అడిగేది ప్రాసెసర్ ఏంటని. నా దగ్గరికి రిపేరుకు వచ్చేవాటిలో ప్రాసెసర్ పాడైంది చాలా అరుదు. హింజ్, చార్జింగ్ పోర్టు, ఉబ్బిన బ్యాటరీ, టీ ఒలికిన కీబోర్డు, దుమ్ము పట్టి తిరగని ఫ్యాన్, పగిలిన డిస్‌ప్లే, చచ్చిపోయిన ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్), ఇవీ వచ్చేవి. ముప్పై వేలదైనా లక్షన్నరదైనా పదేళ్లలో వీటిలో ఒకటో రెండో పోక తప్పదు. పోయినప్పుడు ఆ ఒక్క పార్టు మార్చి మళ్లీ నడిపించగలమా, ఆ పార్టు మనకు అందుబాటులో దొరుకుతుందా అన్నదే ఆ మెషిన్ ఆయుష్షు. బ్రాండు గొడవ తర్వాత సంగతి. ఒకే కంపెనీ ఒక చేత్తో ఇరవై ఏళ్లు గుర్తుండే మోడల్, ఇంకో చేత్తో రెండేళ్లకు ఊడిపోయే మోడల్ చేస్తుంది.

హింజ్ సంగతి చూద్దాం. తక్కువ ధర మోడళ్లలో కూడా హింజ్ లోహమే, గట్టిదే. కానీ దాన్ని బిగించేది ప్లాస్టిక్ బాడీకి. ఆ ప్లాస్టిక్‌లో సన్నటి ఇత్తడి నట్లను వేడితో దింపి ఉంటారు, హింజ్ స్క్రూలు వాటిలోకి ఎక్కుతాయి. రెండు మూడేళ్లు గడిచేసరికి హింజ్ బిగుసుకుపోతుంది. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా పోయి ఇత్తడి నట్ల మీద పడుతుంది. ఒకరోజు టక్కుమని శబ్దం వస్తుంది, నట్టు తన చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ముక్కతో సహా ఊడొస్తుంది. మూలలో సన్నగా సందు కనిపిస్తుంది. చాలామంది అది చూసి కూడా 'నడుస్తోంది కదా' అని అలాగే వాడతారు. ఊడిన హింజ్ లోపల పైకి లేస్తూ మొదట అంచు ప్లాస్టిక్‌ను పగలగొడుతుంది, తర్వాత పక్కనుంచి పోయే డిస్‌ప్లే కేబుల్‌ను నలిపేస్తుంది. నట్టుతో పోయేది డిస్‌ప్లే దాకా వస్తుంది. ఆ సందు కనబడిన రోజే తెస్తే అరాల్డైట్ పోసి, కావాలంటే కిందనుంచి చిన్న బోల్టు దింపి నిలబెడతాం. ఆగుతుంది. కాకపోతే తర్వాత అదే చోట విప్పాల్సి వస్తే పని చేసేవాడికి నరకమే.

ఆఫీసు సిరీస్‌లలో ఎక్కువగా హింజ్‌ను లోహపు ఫ్రేముకే బిగిస్తారు, లేదా బాడీయే అల్యూమినియం, మెగ్నీషియం మిశ్రమంతో ఉంటుంది. అందుకే అవి చూడ్డానికి మొద్దుగా ఉన్నా మూత పదేళ్లు నిలుస్తుంది. షాపులో ఒక పని చేయండి. మూతను మెల్లగా తెరుస్తూ స్క్రీన్ వైపు కాకుండా హింజ్ దగ్గరి ప్లాస్టిక్ వైపు చూడండి. అక్కడ బాడీ కొంచెమైనా పైకి లేచినట్టు అనిపిస్తే ఆ మోడల్ వదిలేయండి. ఇంకో మాట, మూతను ఎప్పుడూ మధ్యలో పట్టుకుని తెరవాలి. ఒక మూల పట్టుకుని లాగే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే మాన్పించండి.

ఇక మీ రెండో ల్యాప్‌టాప్, చార్జింగ్ ఎక్కనిది. పాత రకం గుండ్రటి పిన్ను చార్జర్ ఉన్న చాలా మోడళ్లలో ఆ జాక్ ఒక చిన్న వైరు చివర ఉంటుంది. పోతే వైరుతో సహా మార్చేస్తాం, అరగంట పని. ఇప్పుడొచ్చే టైప్-సి పోర్టు చాలావాటిలో నేరుగా మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి (లోహం కరిగించి అతికించి) ఉంటుంది. అంత చిన్న పోర్టులో 24 పిన్నులు. కేబుల్ పెట్టి ఉండగా ల్యాప్‌టాప్‌ను మంచం మీద అటూ ఇటూ జరిపితే ఆ ఒత్తిడి అంతా దాని మీదే. కంపెనీ సర్వీస్ సెంటర్లలో సాధారణంగా విడి భాగాన్ని సోల్డర్ చేయరు, బోర్డు మొత్తం మార్చడమే వాళ్ల పద్ధతి. ఆ ఎస్టిమేట్ చూసి మనం కొత్తది కొంటాం. చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న భాగాలను విడిగా మార్చే పని చేసే వాళ్ల దగ్గర పోర్టు ఒక్కటే మార్చడం కుదురుతుంది. మీ రెండోది ఇంకా ఇంట్లో ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి, ఒకసారి అలాంటి చోట చూపించండి.

కొత్తది కొనేటప్పుడు కనీసం రెండు టైప్-సి పోర్టులు ఉండి రెండింటితోనూ చార్జింగ్ ఎక్కేలా చూసుకోండి. ఒకటి పోయినా ఇంకోటి ఆదుకుంటుంది. డెల్ 2025లో లాటిట్యూడ్ పేరు తీసేసి డెల్ ప్రో అని పెట్టింది. అప్పుడే కొన్ని ప్రో మోడళ్లలో టైప్-సి పోర్టును స్క్రూలతో బిగించే విడి భాగంగా ఇస్తున్నామని ప్రకటించింది. ఇన్నేళ్లలో కంపెనీలు చేసిన మంచి పనుల్లో అదొకటి అని నా అభిప్రాయం.

బ్యాటరీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పదేళ్లలో తప్పకుండా రెండుసార్లయినా మార్చాల్సింది అదొక్కటే. లిథియం బ్యాటరీని ఎక్కువగా అరగదీసేవి రెండు, వేడి, ఎప్పుడూ నూరు శాతం చార్జిలో ఉండటం. ఖమ్మం ఎండల్లో మొదటిది తప్పించుకోలేం, రెండోదాన్ని మాత్రం ఆపవచ్చు. ఆఫీసు సిరీస్‌లలో చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటుంది. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో, డెల్‌లో, హెచ్‌పీలో బయోస్‌లోనే (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు) దొరుకుతుంది. మీరు ఎక్కువగా టేబుల్ దగ్గర చార్జర్ పెట్టే వాడతారు కాబట్టి కొన్న రోజే అది పెట్టేయండి. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా, కింది మూత కొంచెం ఉబ్బినట్టున్నా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఆ రోజే వాడకం ఆపాలి. దాన్ని నొక్కి సరిచేయడం, సూదితో పొడవడం లాంటివి చేస్తే మంట లేస్తుంది.

బ్యాటరీ లోపల ఎలా బిగించారన్నది కూడా చూడండి. కింది మూత మామూలు స్క్రూలతో ఊడి, బ్యాటరీ మరో నాలుగైదు స్క్రూలతో వచ్చేస్తే మీరే మార్చుకోవచ్చు. జిగురుతో అతికించి ఉంటే తీయడం ప్రమాదం. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480కి అయితే లోపల ఒక బ్యాటరీ, బయట గొళ్లెం జరిపి తీసే ఇంకో బ్యాటరీ ఉండేవి. ఆ తర్వాత టీ490 నుంచి బయటి బ్యాటరీ ఎత్తేశారు. టీ480కి ఇప్పటికీ గిరాకీ ఉందంటే అదీ ఒక కారణం. ముందుచూపుతో స్పేర్ బ్యాటరీ కొని బీరువాలో పెట్టుకుంటామని కొందరు అడుగుతారు. వద్దండీ, వాడకపోయినా అది పాతబడుతుంది. అవసరం వచ్చినప్పుడే కొనండి, అదీ ఒరిజినల్. సగం ధరకి వచ్చే నకిలీ వాటిలో రాసిన సామర్థ్యం ఉండదు, పైగా కొన్ని మోడళ్లలో బయోస్ వాటిని ఒప్పుకోదు.

కీబోర్డు విషయంలో ఒక్క ప్రశ్న అడగాలి. స్క్రూలతో ఊడుతుందా, లేక పామ్‌రెస్ట్‌కు (అరచేతులు ఆనించే పై భాగం) ప్లాస్టిక్ కరిగించి అతికించారా? రెండో రకంలో ఒక్క కీ పోయినా పై భాగం మొత్తం మార్చాలి, లేదా పదుల కొద్దీ కరిగించిన ప్లాస్టిక్ బొడిపెలను ఒక్కొక్కటీ కోసి మళ్లీ అతికించాలి. థింక్‌ప్యాడ్ టీ సిరీస్‌లో కిందనుంచి స్క్రూలు తీసి కీబోర్డును పైకి జరిపితే వచ్చేస్తుంది. వీటిలో చాలావాటికి కీబోర్డు కింద నీళ్లు బయటికి పోయే దారులు కూడా ఉంటాయి. అంటే టీ పోసినా ఏమీ కాదని కాదు, మీకు స్విచ్ ఆఫ్ చేసే వ్యవధి దొరుకుతుందని. ఒలికితే వెంటనే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చేసి, చార్జర్ పీకి, బోర్లించి, దగ్గరలో విప్పగలిగే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. బియ్యంలో పెట్టడం, హెయిర్ డ్రయర్ పట్టడం వృథా. ముఖ్యంగా చక్కెర టీ అయితే ఆరిన తర్వాత కూడా బోర్డును తింటూనే ఉంటుంది.

ర్యామ్, స్టోరేజ్. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. సన్నగా ఉండే ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేస్తారు. తర్వాత పెంచలేరు, చిప్ పోతే స్లాట్‌లో ఇంకోటి గుచ్చడం కుదరదు. ఇలా చేయడానికి కంపెనీలకూ కారణం ఉంది. బోర్డుకు దగ్గరగా అతికిస్తే తక్కువ కరెంటుతో ఎక్కువ వేగం వస్తుంది, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంటెల్ 2024లో తెచ్చిన కోర్ అల్ట్రా 200వీ ప్రాసెసర్లలో అయితే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే వచ్చేసింది, 16 లేదా 32 జీబీ, అంతే. రోజంతా ప్రయాణాల్లో ఉండేవాళ్లకి అది మంచి బేరమే కావచ్చు. మీకు కాదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు పెరిగాయి కాబట్టి స్లాట్ ఉండటం ఇప్పుడు ఇంకా ముఖ్యం. ఇవాళ 16 జీబీతో తీసుకుని, ధరలు దిగినప్పుడు రెండో స్లాట్ నింపుకోవచ్చు. సోల్డర్ చేసినదే తీసుకోవాల్సి వస్తే మాత్రం 16 జీబీకి తగ్గకండి. ఎనిమిది జీబీ సోల్డర్ చేసిన కొత్త ల్యాప్‌టాప్‌ను ఎంత ఆఫర్‌లో ఇచ్చినా తీసుకోకండి.

పేర్లతో జాగ్రత్త. టీ480లో రెండు ర్యామ్ స్లాట్లు. చివర ఒక 'ఎస్' తగిలించిన టీ480ఎస్‌లో కొంత ర్యామ్ బోర్డు మీద, ఒకటే స్లాట్. లాటిట్యూడ్ 5420లో రెండు స్లాట్లు, అదే ఏడాదిదే అయినా పై మెట్టు 7420లో మొత్తం సోల్డర్. అంటే ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ కాలం వస్తుందన్న లెక్క ఇక్కడ తిరగబడుతుంది. థింక్‌ప్యాడ్ టీ14 మొదటి తరాల్లో ఒక స్లాట్ ఉండేది, టీ14ఎస్‌లో అసలు లేదు. 2024లో వచ్చిన టీ14 ఐదో తరం ఇంటెల్ మోడల్‌లో మళ్లీ రెండు స్లాట్లు ఇచ్చారు, బ్యాటరీ సులభంగా ఊడేలా చేశారు. రిపేర్ మాన్యువల్స్ ప్రచురించే ఐఫిక్సిట్ సంస్థ దానికి పదికి తొమ్మిది మార్కులు ఇచ్చింది. కొత్తది కొనే స్థోమత ఉన్నవాళ్లకి నేను ముందు చూపించేది అదే. మీ బడ్జెట్‌లో రీఫర్బిష్డ్ అయితే లాటిట్యూడ్ 5430, ఎలైట్‌బుక్ 840 జీ9, థింక్‌ప్యాడ్ ఎల్14 మూడో తరం వెతకండి. మూడింటికీ రెండేసి స్లాట్లు, మూడింటిలోనూ 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్‌తో మోడళ్లున్నాయి. ఎలైట్‌బుక్‌లో డీడీఆర్5 ర్యామ్, లాటిట్యూడ్‌లో డీడీఆర్4. పాత ర్యామ్ ఇందులోంచి అందులోకి ఎక్కదని గుర్తుంచుకోండి.

ఈ వివరాలు షాపతన్ని అడిగితే 'అన్నీ పెంచుకోవచ్చు సార్' అంటాడు. మీరే చూసుకోవడం తేలిక. లెనోవోకి పీఎస్‌రెఫ్ అని స్పెసిఫికేషన్ల సైటు ఉంది, అందులో మెమొరీ దగ్గర స్లాట్లు ఎన్నో, ఎంత సోల్డర్ చేశారో స్పష్టంగా రాసి ఉంటుంది. డెల్, హెచ్‌పీ తమ సపోర్ట్ సైట్లలో సర్వీస్ మాన్యువల్ ఉచితంగా పెడతాయి, ఏ స్క్రూ ఎక్కడుందో బొమ్మలతో సహా. ఒక మోడల్‌కి అలాంటి మాన్యువల్ అసలు దొరకలేదంటే దాన్ని మీ జాబితాలోంచి కొట్టేయొచ్చు.

అంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంకోటి ఉంది. కొనేముందు, ఆ మోడల్ పేరు చెప్పి రెండు మూడు స్పేర్ల షాపులకు ఫోన్ చేయండి. 'దీని బ్యాటరీ, కీబోర్డు, డిస్‌ప్లే ఉన్నాయా, ఎంత?' అని అడగండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనందరం సీటీసీ అనుకునేది, అక్కడి షాపుల్లో 'ఉంది, రేపు కొరియర్ చేస్తా' అనే మోడల్ ఒక రకం, 'చైనా నుంచి తెప్పించాలి, నెల పడుతుంది' అనే మోడల్ ఇంకో రకం. ఆఫీసులు వేలల్లో కొన్న మోడళ్లు వేలల్లోనే బయటికొస్తాయి, వాటిలో బోర్డు పోయినవి విప్పితే మిగతా పార్టులన్నీ మార్కెట్‌లోకి చేరతాయి. ఆన్‌లైన్ సేల్‌లో ఒక్క సీజన్ మెరిసి మాయమయ్యే మోడల్‌కి ఆ అదృష్టం ఉండదు. ఎంత బాగా విప్పగలిగే డిజైన్ అయినా స్పేర్ దొరక్కపోతే అది రిపేర్ అయ్యే ల్యాప్‌టాప్ కాదు.

సెకండ్ హ్యాండ్‌లో ఎంత పాతదాకా వెళ్లొచ్చు? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అనుమతి. అంటే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న టీ480 గీతకి ఇవతల ఉంది, టీ470 అవతల ఉంది. టీ480 నాకూ ఇష్టమే, కానీ ఇప్పుడు కొని ఇంకో పదేళ్లు అంటే గీతకు మరీ దగ్గర. అందుకే 12వ తరం అంటున్నాను. టీ480నే తీసుకుంటే మాత్రం టైప్-సి పోర్టును నడిపే థండర్‌బోల్ట్ చిప్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయిందో లేదో ముందు చూడండి. పాత ఫర్మ్‌వేర్‌తో ఆ తరం మోడళ్లలో కొన్నిటికి టైప్-సి చార్జింగే ఆగిపోయేది, లెనోవో దానికి అప్‌డేట్ ఇచ్చింది. విండోస్ బదులు లైనక్స్ వేసుకుంటే ఇంకా పాతవి కూడా హాయిగా నడుస్తాయి, యూనికోడ్‌లో తెలుగు టైపింగ్ కూడా బాగుంటుంది. ప్రశ్నపత్రాలకు పేజ్‌మేకర్, అను ఫాంట్స్ వాడే ప్రింటింగ్ ప్రెస్‌తో మీకు పని ఉంటే మాత్రం విండోస్ వదులుకోకండి.

రీఫర్బిష్డ్ కొనేరోజు చేయాల్సినవి. షాపులో విండోస్ మొత్తం రీసెట్ చేయించి, ఇంటర్నెట్ కలిపి, మళ్లీ మొదటినుంచి సెటప్ నడిపించండి. మధ్యలో ఏదైనా కంపెనీ పేరు వచ్చి ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమంటే ఆ మెషిన్ ఇంకా పాత యజమాని జాబితాలోనే ఉందన్నమాట. 'ఇంటర్నెట్ తీసేసి ఇన్‌స్టాల్ చేస్తే రాదు సార్' అంటారు, తర్వాత ఎప్పుడు రీసెట్ చేసినా మళ్లీ వస్తుంది. వద్దనేయండి. అలాగే రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అదీ వద్దు. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ చెప్పే దారి మదర్‌బోర్డు మార్చడమే. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఇప్పటి ఫుల్ చార్జ్ కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి. సగానికి దిగితే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. మిగతావి మామూలే, అన్ని కీలు నొక్కి చూడటం, అన్ని పోర్టుల్లో పెన్‌డ్రైవ్ పెట్టడం, తెల్ల స్క్రీన్ తెరిచి మచ్చలు వెతకడం. ఇంటికి తెచ్చాక ఫ్యాన్ శుభ్రం చేయించి థర్మల్ పేస్ట్ వేయించండి. మన దుమ్ముకి తర్వాత కూడా ఏడాది, రెండేళ్లకోసారి ఆ పని చేయించాలి.

ఇంట్లో ఎర్తింగ్ కూడా చూసుకోండి. లోహపు బాడీ ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా చేతికి జివ్వుమంటోందని చాలామంది 'పీస్ డిఫెక్ట్' అనుకుని తెస్తారు. తరచూ అది ఎర్త్ లేని ప్లగ్గు, లేదా రెండు పిన్నుల చార్జర్ వల్ల వచ్చేదే. మూడు పిన్నుల చార్జర్, సరైన ఎర్త్ ఉంటే ఆగిపోతుంది.

'మిలిటరీ గ్రేడ్' స్టిక్కర్ చూసి మురిసిపోకండి. అమెరికా సైన్యం రాసుకున్న 810 ప్రమాణంలో ఎన్నో పరీక్షలుంటాయి. వాటిలో ఏవి, ఎలా చేశారన్నది కంపెనీ ఇష్టం, సర్టిఫికెట్ ఇచ్చే అధికారిక సంస్థ ఏదీ లేదు. అంతకంటే పనికొచ్చేది ఫ్రాన్స్ మార్కులు. అక్కడ 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌ల మీద పదికి ఇన్ని అని రిపేర్ స్కోర్ వేయాలి. విప్పడం ఎంత తేలిక, స్పేర్లు దొరుకుతాయా, వాటి ధర ఎంత అన్నవి కూడా అందులో లెక్కే. అంతర్జాతీయంగా అమ్మే మోడల్ అయితే ఆ స్కోర్ నెట్‌లో వెతికి చూడొచ్చు. మన దగ్గర కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, రిపేర్ ఇండెక్స్ మీద కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది.

మీ తమ్ముడి మ్యాక్‌బుక్ మాటకి వస్తే, మన్నికకి దానికి నేనూ ఓటేస్తాను. బాడీ, హింజ్, స్క్రీన్, ట్రాక్‌ప్యాడ్ దిట్టంగా ఉంటాయి. 2020 చివర్లో వచ్చిన ఎం1 ఎయిర్‌లో ఫ్యానే లేదు, దుమ్ము గొడవ తగ్గింది. కానీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండూ బోర్డు మీదే. బోర్డు పోతే డేటా కూడా దాంతోనే. స్క్రీన్ పగిలితే వచ్చే ఎస్టిమేట్‌తో రీఫర్బిష్డ్ లాటిట్యూడ్ ఒకటి కొనుక్కోవచ్చు. ఏమీ కాకపోతే ఎనిమిదేళ్లు హాయిగా నడుస్తుంది, ఏదైనా అయితే ఒకేసారి పెద్ద దెబ్బ. ఆ రిస్క్ భరించగలిగినవాళ్లకి, బ్యాకప్ క్రమం తప్పకుండా తీసుకునేవాళ్లకి మంచిదే. అరవై వేలే నా హద్దు అన్నవాళ్లకి నేను చెప్పను.

అమెరికాలోనో కెనడాలోనో మీవాళ్లు ఉంటే ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ పేరు వినే ఉంటారు. 2021లో మొదటి ల్యాప్‌టాప్ తెచ్చారు. ప్రతి భాగం విడిగా అమ్ముతారు, పోర్టులు కూడా జరిపి తీసే చిన్న కార్డులే. మొదటి 13 అంగుళాల మోడల్ కొన్నవాళ్లు అదే బాడీలో తర్వాతి తరాల మదర్‌బోర్డు వేసుకోగలుగుతున్నారు. రిపేర్ డిజైన్‌లో దానికి సాటి లేదు. కానీ పైన చెప్పిన ఫోన్ పరీక్ష దానికీ పెట్టండి. ఖమ్మంలో కూర్చుని కీబోర్డు కావాలంటే మళ్లీ ఎవరో ఒకరు సూట్‌కేసులో తేవాల్సిందే. అక్కడ ఉండేవాళ్లు కొనుక్కోవడానికి బేషైనది, ఇక్కడికి తెప్పించుకోవడానికి కాదు.

కొత్తదే కావాలని ఇంట్లో పట్టుబడితే థింక్‌ప్యాడ్ ఈ14, హెచ్‌పీ ప్రోబుక్ స్థాయిలో చూడండి. పై సిరీస్‌లంత గట్టివి కావు గానీ మామూలు ఇంటి మోడళ్ల కంటే నయం. ఈ14 ఆరో తరం ఇంటెల్ మోడల్‌లో రెండు ర్యామ్ స్లాట్లు ఉన్నాయి. డబ్బు మిగిలితే పెద్ద ప్రాసెసర్‌కి పెట్టకుండా మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీకి పెట్టండి. టెక్నీషియన్ మీ ఇంటికే వస్తాడు, మీరు బస్సెక్కి సర్వీస్ సెంటర్‌కు తిరగక్కర్లేదు.

అమ్మాయి ఇంజినీరింగ్ కోసం గేమింగ్ ల్యాప్‌టాప్ అన్న షాపతని మాట ఒక్కటి మిగిలింది. గేమింగ్ మోడళ్లలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ స్లాట్లు బాగానే ఉంటాయి, ఆ మాట నిజం. కానీ గ్రాఫిక్స్ చిప్ బోర్డుకే అతికించి ఉంటుంది, అది పుట్టించే వేడి రోజూ బోర్డుని కాలుస్తుంది. బరువు, చార్జర్ బరువు, గంటన్నరకో రెండు గంటలకో అయిపోయే బ్యాటరీ. కంప్యూటర్ సైన్స్ అయినా ఎలక్ట్రానిక్స్ అయినా మొదటి రెండేళ్ల చదువుకి పైన చెప్పిన 14 అంగుళాలవి సరిపోతాయి. మెకానికల్‌లోనో ఆర్కిటెక్చర్‌లోనో చేరి పెద్ద త్రీడీ డిజైన్ పని వస్తే అప్పుడు తనకి విడిగా ఒకటి చూడండి. ఏ బ్రాంచి వస్తుందో తేలకముందే మీ ల్యాప్‌టాప్ బడ్జెట్‌ని దాని మీద పెట్టకండి. ఒకే మెషిన్ ఇద్దరూ వాడాలనుకుంటే, పరీక్షల సీజన్‌లో మీ ప్రశ్నపత్రాలూ తన అసైన్‌మెంట్లూ ఒకే రాత్రి పడతాయి, అది కూడా ఆలోచించుకోండి.